మా హాస్టల్ కెమెరాలు తన ఫోన్లో పెట్టుకోని షాపు

హైదరాబాద్ బల్కంపేటలో ఎల్లమ్మ గుడి దాటాక లోపలి సందులో ఉంది ఈ సీసీ కెమెరాల షాపు. దీని గురించి రాస్తానని ఆ షాపు పెద్దాయనకి ఏడు నెలల కిందటే మాటిచ్చాను. కావాలనే ఆగాను. కెమెరాలు బిగించిన వారానికి ఎవరి పనైనా బాగానే కనబడుతుంది. ఒక వానాకాలం గడవాలి, ఒకసారైనా చెడిపోవాలి, పిలిస్తే ఎలా మాట్లాడతారో చూడాలి. మూడూ అయ్యాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మాది తెనాలి. ఎస్.ఆర్. నగర్‌లో 14 ఏళ్ళుగా ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. నాలుగంతస్తులు, ఇప్పుడు 62 మంది ఉన్నారు. సగం మంది అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునేవాళ్ళు, మిగతావాళ్ళు ఉద్యోగస్తులు. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు మొదట తిండి గురించి అడుగుతారు, ఆ వెంటనే కెమెరాల గురించి. "పదకొండు ఉన్నాయండీ" అని గట్టిగా చెప్పేదాన్ని. ఆ కెమెరాలు ఎవరి చేతిలో ఉన్నాయని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకూ ఆ ఆలోచన రాలేదు.

అడిగింది మా మూడో అంతస్తు అమ్మాయి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. ఒక రాత్రి తన స్కూటీకి ఎవరో గీత పెట్టారు, గేటు కెమెరా చూస్తానంటే నా ఫోన్ చేతికిచ్చాను. కాసేపు అటూ ఇటూ నొక్కి, "ఆంటీ, ఈ కెమెరాలు మీవి కావా?" అంది. యాప్‌లో మా డీవీఆర్ (కెమెరాలు తీసినదంతా లోపలి డిస్కులో దాచే పెట్టె) పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక ఫోన్ నంబరు ఉంది, దాని పక్కన 'షేర్ చేశారు' అని ఉంది. "ఇందులో మీరు గెస్ట్ ఆంటీ. ఓనర్ ఈ నంబరాయన. ఆయన మీకు చూడ్డానికి పర్మిషన్ ఇచ్చాడు, అంతే" అని విడమరిచి చెప్పింది.

ఆ నంబరు మూడేళ్ళ కిందట కెమెరాలు బిగించినతనిది. "యాప్ నేను సెట్ చేసి ఇస్తా మేడమ్" అని నా ఫోన్ తీసుకుని అయిదు నిమిషాల్లో చేసి ఇచ్చాడు. ఎంత చకచకా చేశాడో అని అప్పుడు మెచ్చుకున్నాను కూడా. ఫోన్ చేసి అడిగితే, "అందరికీ అట్లనే పెడతాం మేడమ్, సర్వీసుకి ఈజీ ఉంటది" అన్నాడు. గొంతులో తడబాటు లేదు. తప్పు చేశానన్న ఊహే లేదు అతనికి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ఈ రాత ఎందుకో మీకు అర్థం కాదు. అంతకు ముందు ఏడాది మూడో అంతస్తులో రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్ పోయాయని, వరండా చివర ఒక కెమెరా నేనే అడిగి పెట్టించాను. ఆ వరండా ఆ చివరే బాత్రూములు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు ఏ బట్టల్లో అటూ ఇటూ తిరుగుతారో ఆడపిల్లలున్న ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. అతను చూశాడని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. చూడలేదని మా పిల్లలకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఆ రాత్రి పదకొండున్నరకి కిందికి దిగి డీవీఆర్ స్విచ్చి నేనే కట్టేశాను. పొద్దున్న అందర్నీ మెస్‌లో కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. ఒకమ్మాయి ఆ వారమే ఖాళీ చేసి వెళ్ళిపోయింది, ఆ పిల్లని తప్పుపట్టను.

కొత్తగా చేయించుకుందామని ముందు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. అడిగినచోటల్లా ఎన్ని కెమెరాలు, ఎన్ని మెగాపిక్సెల్ అన్నారే తప్ప ఇంకో మాట లేదు. ఒకచోట అన్నీ కొత్తవి వేసి 46,000 అన్నారు. యాప్ ఎవరి నంబరు మీద రిజిస్టర్ చేస్తారని అడిగితే, "అదంతా మేం చూసుకుంటాం మేడమ్, మీకెందుకు టెన్షన్" అన్నారు. ఆ టెన్షన్ పడకపోవడం వల్లే కదా ఇంతదాకా వచ్చిందని బయటికొచ్చేశాను. మధురానగర్‌లో హాస్టల్ నడిపే నా స్నేహితురాలు ఈ బల్కంపేట షాపు సంగతి చెప్పింది.

షాపు చిన్నది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు మెట్టు మీద ఆగాలి. కౌంటర్ వెనక గోడకి గీతల కాగితం ఒకటి, లామినేషన్ చేయించి అంటించి ఉంది. నీలం పెన్నుతో తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగి తీసుకున్నాను, అందులోంచే రాస్తున్నాను:

"కస్టమర్ పాస్‌వర్డ్ మన ఫోన్లో గానీ మన పుస్తకంలో గానీ ఉండకూడదు.
పని అయ్యాక మన లాగిన్ తీసేయాలి, తీసేసినట్టు కస్టమర్‌కి చూపించాలి.
బాత్రూము, పడుకునే గది, బట్టలు మార్చుకునే చోటు వైపు కెమెరా తిప్పకూడదు, ఎవరడిగినా.
పాత డిస్కు షాపుకి తేకూడదు."

ఎవరు రాశారని అడిగితే పెద్దాయన తనే అన్నారు. ఆయన డిప్లొమా చదివి టీవీ మెకానిక్‌గా మొదలుపెట్టారట. అప్పట్లో టీవీ పడకగదిలో ఉండేది. పని నేర్పిన గురువు మొదటి రోజే చెప్పాడట: నువ్వు లోపలికి వెళ్ళేది టీవీ చూడ్డానికి, ఇల్లు చూడ్డానికి కాదు అని. "ఇప్పుడు ఇల్లు చూడ్డమే మా పని అయిపోయిందమ్మా. అందుకే కాగితం రాసి పెట్టిన" అన్నారు.

నా కథ విని ఆయన వేసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఫిర్యాదు ఇచ్చే ఆలోచన ఉందామ్మా? ఉంటే పాత డిస్కు ఎవరినీ ముట్టుకోనివ్వకండి, డీవీఆర్‌తో సహా పక్కన పెట్టండి. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి." సమ్మతి లేకుండా ఒకరి ఒంటి రహస్య భాగాల్ని చిత్రిస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ దాకా జైలు ఉందని కూడా ఆయనే చెప్పారు. అమ్మే సరుకు గురించి ఆ రోజు ఒక్క మాటా ఎత్తలేదు. మీ పిల్లలతో మాట్లాడి రండి అని పంపేశారు. వారం రోజులు మాట్లాడుకున్నాం. పిల్లలకి కేసు కంటే ఆ బొమ్మలు ఇక ఎక్కడా ఉండకూడదన్నదే ముఖ్యమైంది. పాతతన్ని పిలిపించి అతని ఫోన్లోంచి మా హాస్టల్‌ని నా ఎదురుగా తీయించాను. మా పేరు కోసం అతను జాబితాని వేలితో కిందికి తోస్తుంటే చూశాను. ఒక స్కూలు, ఒక క్లినిక్కు, లేడీస్ టైలరు, అపార్ట్‌మెంట్లు, ఎవరివో ఇళ్ళు. తోస్తూనే ఉన్నాడు, వస్తూనే ఉన్నాయి. మా పేరు నొక్కి తీసేశాడు. మిగతావి అలాగే ఉన్నాయి.

ఇక వీళ్ళ పని. పెద్దాయన పంపిన అబ్బాయి వరంగల్ వైపు వాడు, ఐటీఐ చదివాడు, ఇరవై అయిదేళ్ళుంటాయేమో. డ్రిల్లు తేలేదు, ఒక అట్ట, తెల్లకాగితాలు, పెన్సిలు తెచ్చాడు. ప్రతి అంతస్తూ గీసుకున్నాడు. ప్రతిచోటా స్టూలెక్కి, కెమెరా ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ తన ఫోన్ కాదు, నా ఫోన్ పట్టుకుని, ఏం కనబడుతుందో నాకు చూపించాడు. మూడో అంతస్తు వరండా చివరికి రాగానే స్టూలు దించేశాడు.

"ఇక్కడ పెట్టం మేడమ్."

ఇంత జరిగాక కూడా నాలో హాస్టల్ యజమానురాలు ఊరుకోలేదు. కొంచెం పక్కకి తిప్పి పెట్టు బాబూ, దొంగతనాలు జరిగాయి కదా అన్నాను. "దొంగ మెట్ల మీదనుంచే రావాలె, మెట్ల మీదనుంచే పోవాలె. మలుపులో ఉన్న కెమెరా చాలు. కెమెరా దొంగని చూపిస్తది మేడమ్, ఆపదు. గదికి లాకర్లు చేయించండి, అవి ఆపుతయి" అన్నాడు. లాకర్లలో వీళ్ళకి పైసా రాదు. డాబా మీద బట్టలారేసే చోట ఉన్న కెమెరా కూడా వద్దన్నాడు. లోపల, డాబా తలుపు దగ్గరికి మార్చుకుంటే చాలన్నాడు. మెస్‌లో ఎదురెదురుగా ఉన్న రెండిట్లో ఒకటి దండగ అన్నాడు. అలా పదకొండు కాస్తా తొమ్మిదయ్యాయి. ఆ తొమ్మిదిలో ఏడు పాతవే పనికొస్తాయని తుడిచి, పిన్నులు మార్చి వాడాడు. కొత్తవి రెండే కొనిపించాడు. కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనతో కెమెరాలకి ఇప్పుడు భద్రతా పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి, అది ఉన్నవే ఇచ్చారు. డీవీఆర్ మాత్రం మార్చక తప్పదన్నాడు. పాతదానికి కంపెనీ అప్‌డేట్లు ఆపేసిందట.

పాస్‌వర్డ్ పెట్టించిన తీరు నేను మరిచిపోలేను. కొత్త డీవీఆర్ ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతున్న చోట కర్సర్ నిలబెట్టి, మౌస్ నా చేతికిచ్చి, లేచి వెళ్ళి గోడవైపు తిరిగాడు. ఆ గోడకి మా వెంకటేశ్వరస్వామి కాలెండర్ ఉంది. దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని తిథులు చదువుకుంటున్నట్టు నిలబడ్డాడు. నాకు మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కడం చేతకాక రెండుసార్లు తప్పు కొట్టాను. మళ్ళీ కొట్టమంది. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. "అయిందా మేడమ్?" అని గోడతోనే అడిగాడు. "అయింది బాబూ" అన్నాకే తిరిగాడు. యాప్‌కి డీవీఆర్ కింద ఉన్న క్యూఆర్ కోడ్ నా చేతే స్కాన్ చేయించాడు. ఓటీపీ వస్తే, "నాకు చెప్పకండి, మీరే కొట్టండి" అన్నాడు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులున్న బీరువాలో పెట్టుకోమన్నాడు. ఈ వయసులో నాకు ఇంత ఓపిగ్గా ఒక యంత్రం తాళం ఎవరూ అప్పగించలేదు.

పాత డీవీఆర్‌కి పాస్‌వర్డ్ ఏముండేదో తెలుసా? అడ్మిన్, ఆ తర్వాత వరసగా అంకెలు. అప్పుడు ఆ అబ్బాయి చెప్పిన సంగతి నాకు కొత్త. 2016లో మిరాయ్ అనే ఒక ప్రోగ్రాం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్లతోనే వదిలేసిన కెమెరాల్లోకి, డీవీఆర్లలోకి, రూటర్లలోకి దూరిందట. దానికి కావాల్సిందల్లా 60కి పైగా మామూలు పాస్‌వర్డ్ల పట్టిక. అలా చిక్కిన పరికరాలన్నిటినీ ఒక్కసారిగా ఉసిగొల్పితే ఆ అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. "బిగించేటోడు పది నిమిషాలు బద్ధకించకపోతే అది అయ్యేది కాదు మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి.

రిసెప్షన్ దగ్గర ఇంకోటి బయటపడింది. "ఈ కెమెరాకి మైకు ఉంది, మాటలు కూడా రికార్డయితున్నయి. కావాల్నా?" అని అడిగాడు. నాకు గుండె ఝల్లుమంది. మా రిసెప్షన్ దగ్గరే సిగ్నల్ బాగుంటుంది. రాత్రి పూట పిల్లలు అక్కడే నిలబడి ఇంటికి మాట్లాడతారు. డబ్బుల్లేవని, సంబంధం వద్దని, ఇంటర్వ్యూ పోయిందని, ఎన్ని మాటలు ఆ గోడ విన్నదో. నా ఎదురుగానే కట్టేసి, కట్టేసినట్టు ఒక నిమిషం రికార్డు చేసి వినిపించాడు. నిశ్శబ్దం వినిపించింది.

ఎన్నాళ్ళు దాచాలన్న లెక్క కూడా కాగితం మీద వేసి చూపించాడు. ఒక్కో కెమెరాకి రోజుకి దాదాపు 11 జీబీ, తొమ్మిదికీ కలిపి 97 జీబీ. మా హాస్టళ్ళ వాళ్ళతో పెట్టిన మీటింగులో పోలీసు స్టేషన్ వాళ్ళు 30 రోజులు ఉంచమన్నారు. రెండు టీబీ డిస్కులో 20 రోజులే పడుతుంది కాబట్టి నాలుగు టీబీది వేశాడు. అందులో 41 రోజులు పడుతుంది. కానీ 30 దాటగానే దానంతటదే చెరిగిపోయేలా సెట్ చేశాడు. మిగతా పదకొండు రోజుల జాగా ఖాళీగా ఎందుకు బాబూ అంటే, "జాగ ఉందని ఉంచొద్దు మేడమ్, పని ఉంటేనే ఉంచాలె" అన్నాడు.

తర్వాతి ఆదివారం టిఫిన్ అయ్యాక మెస్‌లో టీవీకి డీవీఆర్ కలిపి, తొమ్మిది బొమ్మలూ పిల్లలందరికీ చూపించాడు. ఇది నేను అడిగింది కాదు. కెమెరా ఎవరి మీద ఉందో వాళ్ళకి తెలియాలన్నది వాళ్ళ షాపు పద్ధతట. పిల్లలు ఊరుకుంటారా. జూమ్ చేస్తే నా ఫోన్లో మెసేజీలు కనబడతాయా అని ఒకమ్మాయి అడిగింది. మాటలతో తేల్చకుండా ఆ పిల్లని ఫోన్‌తో రిసెప్షన్‌లో నిలబెట్టి, జూమ్ చేసి చూపించాడు. వెలుగు తప్ప అక్షరం కనబడలేదు. నమ్మకం మాటల్లో అడగడం వేరు, ఇలా కళ్ళ ముందు పెట్టడం వేరు.

అదే రోజు పాత డిస్కు పని కూడా చేశాడు. డీవీఆర్‌లో ఫార్మాట్ నొక్కితే అంతా పోదట, తెలిసినవాళ్ళు వెనక్కి లాగగలరట. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే పాత డిస్కు మార్కెట్లో ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. అందుకని లాప్‌టాప్‌కి తగిలించి మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాయించాడు. నాలుగున్నర గంటలు పట్టింది. మెస్ బల్ల మీద ఆ లాప్‌టాప్ అలాగే నడుస్తూ ఉంది. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు వడ్డన దాని చుట్టూనే జరిగింది. పిల్లలు వచ్చి ఎంత శాతం అయిందో చూసి వెళ్ళేవాళ్ళు. నూరు కాగానే డిస్కు ఊడదీసి నా చేతికే ఇచ్చి, బిల్లు మీద 'పాత డిస్కు చెరిపి యజమానికి ఇచ్చాం' అని రాసి సంతకం పెట్టించుకున్నాడు.

ఆ నాలుగున్నర గంటల్లో మా టెస్టింగ్ అమ్మాయి, ఆ అబ్బాయి మాట్లాడుకున్నది నేను పక్కన కూరలు తరుగుతూ విన్నాను. అమెరికాలో డల్లాస్ దగ్గర ఏడీటీ అనే పెద్ద సెక్యూరిటీ కంపెనీలో ఒక టెక్నీషియన్, ఇళ్ళల్లో కెమెరాలు బిగిస్తూ కస్టమర్ల ఖాతాల్లో తన ఈమెయిల్ కూడా చేర్చుకునేవాడట. ఎవరైనా అడిగితే టెస్టింగ్ కోసం అనేవాడు. నాలుగున్నరేళ్ళలో దాదాపు 200 ఇళ్ళ ఖాతాల్లోకి 9,600 సార్లకి పైగా చొరబడి చూశాడు. 2021లో 52 నెలల జైలు పడింది. అది విని నేను కత్తిపీట పక్కన పెట్టేశాను. "సర్వీసుకి ఈజీ" అన్న మాటా, "టెస్టింగ్ కోసం" అన్న మాటా నాకు ఒక్కలాగే వినిపించాయి. మా పాతతను అలాంటివాడని చెప్పడానికి నేనెవర్ని. కానీ తలుపు అదే తలుపు, అలాగే తెరిచి ఉంది, మూడేళ్ళు.

ఇంకో మాట కూడా అంది ఆ అమ్మాయి. బీటెక్‌లో వాళ్ళకి వృత్తి ధర్మం, మానవ విలువలు అని ఒక సబ్జెక్టు ఉండేదట. పరీక్ష ముందు రాత్రి చదివి రాసి వచ్చేశామని చెప్పి బాధపడింది. కంప్యూటర్ పని చేసేవాళ్ళకి ఏసీఎం అనే సంఘం నీతి నియమావళి ఒకటి ఉందని, 2018లో దాన్ని కొత్తగా రాశారని, హాని చేయవద్దు, గోప్యతని గౌరవించు, నమ్మి చెప్పింది దాచు అని అందులో ఉంటాయని చెప్పింది. నేను నా ఫోన్ తీసి షాపు గోడమీది కాగితం ఫోటో చూపించాను. ఆ పిల్ల రెండుసార్లు చదివింది. "ఆంటీ, ఇది మా ఆఫీసులో పెట్టాలి" అంది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చినప్పుడు నేనూ పేపర్లో చదివాను. ఆధార్ గొడవ కదా అనుకున్నాను. దానికీ నా మూడో అంతస్తు వరండాకీ సంబంధం ఉందని తట్టలేదు.

లోపాలు కూడా రాయాలి. చెప్పిన రోజుకి రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. మొదటి అంతస్తులో వైర్లు కప్పే కేసింగ్ పట్టీ వంకరగా వేశారు, ఇప్పటికీ అలాగే ఉంది. పాత కెమెరాలు తీసినచోట గోడ కన్నాలు పూడ్చలేదు, మేస్త్రీని నేనే పిలిపించుకున్నాను. సాయంత్రం ఏడు దాటితే ఫోన్ ఎత్తరు. కూలి పాయింటుకి, అంటే ఒక్కో కెమెరాకి, 700, బయట 400కే చేస్తారు. మొత్తం బిల్లు 30,400 అయింది: డీవీఆర్ 8,200, డిస్కు 9,400, రెండు కెమెరాలు 3,600, వైరు, పిన్నులు 2,900, కూలి 6,300. కూలి ఎక్కువైనా, అనవసరమైనవి అంటగట్టలేదు కాబట్టి కోఠిలో చెప్పినదాని కంటే 15,600 తక్కువే పడింది.

అసలు ఇబ్బంది వానల్లో తెలిసింది. తెనాలిలో మా మేనకోడలి పెళ్ళిలో ఉన్నాను. గేటు కెమెరా ఆగిపోయిందని సాయంత్రం ఆరున్నరకి వార్డెన్ ఫోన్ చేసింది. వెంటనే షాపు అబ్బాయికి చేసి, అక్కడినుంచే ఒకసారి చూడు బాబూ అన్నాను. "నేను లోపలికి రాలేను మేడమ్, నాకు దారి లేదు. మీరు పర్మిషన్ ఇస్తే వస్త" అన్నాడు. ఎలా ఇవ్వాలో చెబుతున్నాడు, ఇక్కడ సన్నాయి మోతలో నాకు వినబడదు, ఎక్కడ నొక్కాలో తెలీదు. చిరాకేసి విసుక్కున్నాను. పాతతనైతే ఈపాటికి తన ఫోన్లోంచి చూసి చెప్పేసేవాడు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది, నిజం దాచను. ఆ రాత్రి వాచ్‌మన్‌ని గేటు దగ్గరే పడుకోమన్నాను. పొద్దున తొమ్మిదికల్లా ఆ అబ్బాయే వచ్చి చూశాడు. వాన నీళ్ళు దిగి బీఎన్‌సీ పిన్ను (వైరుని కెమెరాకి కలిపేది) తుప్పు పట్టింది. మార్చి, పైన ప్లాస్టిక్ డబ్బా బిగించి వెళ్ళాడు, డబ్బులు తీసుకోలేదు. ఒక రాత్రి కెమెరా లేకపోవడం ఆ దారి మూసి ఉంచడానికి నేను కట్టే ధర. మా పిల్లల్ని అడిగితే వాళ్ళూ కడదామనే అన్నారు.

తర్వాత రెండు నెలలకి ఇంకోటి జరిగింది. ఒక తండ్రి ఫోన్ చేసి, శనివారం రాత్రి మా అమ్మాయిని ఎవరు దింపారో గేటు కెమెరా వీడియో పంపమన్నారు. ఆ అమ్మాయికి 24 ఏళ్ళు, ఉద్యోగం చేసుకుంటోంది. తండ్రి అడిగితే ఇవ్వకపోతే ఎలా అనే నేను పెరిగాను. వీడియో ఎలా తీయాలో తెలియక షాపుకి ఫోన్ చేశాను. ఏ పని మీద అని ఆ అబ్బాయి అడిగితే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "తీసుడు మీకు నేర్పిస్త మేడమ్, డీవీఆర్ మీది. కానీ ఆ అమ్మాయికి చెప్పి తీయండి. పోలీసులు రాసిచ్చి అడిగితే అది వేరే లెక్క" అన్నాడు. తీయడం నేర్పించాడు కూడా, నేను రాసుకున్నాను. ఫోన్ పెట్టేసి, పైకెళ్ళి ఆ అమ్మాయిని అడిగాను. వద్దు ఆంటీ అంది. కిందికొచ్చి తండ్రికి, "మీ అమ్మాయినే అడగండి అన్నయ్యగారూ, నేను పంపలేను" అని చెప్పాను. ఆయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఇంకా మా దగ్గరే ఉంది.

మంగళవారం షాపు తీయరు. అంగట్లో పార్కింగు లేదు, గుడి దగ్గర బండి పెట్టి నడవాలి. వెళ్ళేముందు మీ ఫోన్లో కెమెరా యాప్ తెరిచి, డీవీఆర్ పేరు కింద మీది కాని నంబరు ఏదైనా ఉందేమో చూసుకోండి. ఉంటే దాని స్క్రీన్‌షాట్, డీవీఆర్ అడుగున ఉన్న స్టిక్కరు ఫోటో, పాత బిల్లు పట్టుకెళ్ళండి. పెద్దాయన ముందుగా అడిగేవి అవే.